పాత స్పోర్ట్స్ కారులో గేరు గట్టిగా పడుతోందా? గేర్‌బాక్స్ దించే ముందు వరసగా ఇవి చూడండి

పాత స్పోర్ట్స్ కారు నడపడంలోని ఆనందం చాలా వరకు గేరు లివర్ పట్టుకున్న చేతిలోనే ఉంటుంది. మణికట్టు కాస్త కదిపితే పడాల్సిన రెండో గేరు భుజం బలమంతా పెట్టినా పడకపోతే, ఇక ఆ బండి బయటికి తీయాలంటేనే మనసు రాదు. ఆగిన ప్రతిచోటా టెన్షన్. వెనకాల బండ్లు హారన్ కొడుతుంటే మనం లివర్‌తో కుస్తీ పడుతూ ఉంటాం.

నాది మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5. 1989 నుంచి 1997 వరకు తయారైన, హెడ్‌లైట్లు పైకి లేచే మోడల్. ఒక దశలో దానికి ఒకటో గేరు, రివర్స్ మొరాయించడం మొదలైంది. చూపించిన చోట ‘గేర్‌బాక్స్ పోయింది, దించి విప్పాల్సిందే’ అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు బండి లేపి, కింద దూరి చూస్తే క్లచ్ స్లేవ్ సిలిండర్ (పెడల్ నుంచి ఆయిల్ ద్వారా వచ్చే ఒత్తిడితో క్లచ్‌ను విడిపించే భాగం) చివరనున్న రబ్బరు బూటు, అంటే తొడుగు, తడిసి ఉంది. అరచేతిలో పట్టేంత సిలిండర్ అది. రెండు బోల్టులు, ఒక పైపు, అంతే. అది మార్చి, గాలి తీసేశాక గేర్లు నూనె రాసినట్టు జారాయి.

అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. గేరు గట్టిగా పడుతోందంటే తప్పు గేర్‌బాక్స్‌దేనని ముందే తేల్చేయకండి. దాన్ని విప్పడం ఆఖరి పని. అంతకు ముందు క్లచ్ చూడాలి, లింకేజ్ (లివర్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే భాగాలు) చూడాలి, ఆయిల్ చూడాలి. ఈ మూడూ బండి కింద పడుకుని సొంతంగా చేసుకోగలిగిన పనులే.

పానా పట్టే ముందు: బండి ఏం చెబుతోందో రాసుకోండి

ఒక కాగితం తీసుకుని రెండు మూడు రోజులు బండి నడుపుతూ గమనించినవి రాయండి. అన్ని గేర్లూ గట్టిగా పడుతున్నాయా, ఒక్క గేరేనా? పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రమేనా, వేడెక్కాక కూడానా? కరకరమని శబ్దం వస్తోందా, శబ్దం లేకుండా లివర్ బిగుసుకుపోతోందా? క్లచ్ పెడల్ రెండు మూడు సార్లు గబగబా తొక్కితే గేరు తేలిగ్గా పడుతోందా?

ఈ జవాబుల్లోనే సగం దారి దొరుకుతుంది. అన్ని గేర్లూ, ముఖ్యంగా ఆగి ఉన్నప్పుడు ఒకటో గేరూ రివర్సూ పడకపోతే క్లచ్‌ను అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి, పది పదిహేను నిమిషాలు నడిపాక సర్దుకుంటే ఆయిల్ వైపు చూడాలి. లివర్ వదులుగా ఊగుతూ, గేరు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే లింకేజ్ బుష్‌లు (కీళ్ల దగ్గరుండే చిన్న తొడుగులు) అరిగాయి. రెండో గేరు ఒక్కటే, అదీ పరుగు మీద మార్చేటప్పుడు మాత్రమే కరకరలాడితే, అప్పుడు గేర్‌బాక్స్ లోపల వేగాలు కలిపే సింక్రో రింగు దాకా ఆలోచించవచ్చు. పెడల్ గబగబా తొక్కగానే బాగుపడితే, క్లచ్ ఆయిల్ లైన్లో గాలి చేరిందని, లేదా సిలిండర్ సీల్స్ పోయాయని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు.

మొదటి పరీక్ష: ఇంజన్ ఆపి గేర్లు వేయండి

దీనికి పనిముట్టు ఏదీ అక్కర్లేదు. సమతలంగా ఉన్నచోట బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ ఆపేయండి. క్లచ్ పూర్తిగా తొక్కి ఒకటి నుంచి చివరి గేరు దాకా, తర్వాత రివర్స్ కూడా వేసి చూడండి. ఆగి ఉన్న గేర్‌బాక్స్‌లో పళ్లకు పళ్లు ఎదురై ఒక్కోసారి గేరు పడకపోవచ్చు. అలాంటప్పుడు హ్యాండ్ బ్రేక్ వదిలి, బండిని కాస్త కదిపి, మళ్లీ ప్రయత్నించండి. ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి ఇదే వరస మళ్లీ చేయండి.

ఇంజన్ ఆగి ఉన్నప్పుడు తేలిగ్గా పడి, నడుస్తున్నప్పుడు పడకపోతే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. రెండు సందర్భాల్లోనూ ఒకేలా గట్టిగా ఉంటే క్లచ్‌ను పక్కన పెట్టి నేరుగా లింకేజ్ దగ్గరికి వెళ్లండి.

క్లచ్ మీద అనుమానం గట్టిపడాలంటే రివర్స్ పరీక్ష చేయండి. పాత కార్లలో చాలావాటికి రివర్స్ గేరుకు సింక్రో ఉండదు, కాబట్టి అది అబద్ధం చెప్పదు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా క్లచ్ అడుగుదాకా తొక్కి, అయిదు సెకన్లు లెక్కపెట్టి, అప్పుడు రివర్స్ వేయండి. ఆ పాటికి లోపలి షాఫ్ట్ తిరగడం ఆగిపోయి ఉండాలి. అప్పటికీ కరకరమంటే దాన్ని ఇంకా ఏదో తిప్పుతోందన్నమాట.

మరొకటి: బ్రేక్ మీద కాలు ఉంచి, ఒకటో గేరులో క్లచ్ అలాగే తొక్కిపట్టి అర నిమిషం ఆగండి. బండి మెల్లగా ముందుకు లాగడం మొదలుపెడితే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే భాగం) లోపలి సీల్ ఒత్తిడిని నిలబెట్టలేకపోతోంది. బయట ఒక్క చుక్క కూడా కారకుండానే ఇలా జరుగుతుంది, అందుకే చాలామంది దీన్ని కనిపెట్టలేరు. ఈ పరీక్ష చేసేటప్పుడు బండి ముందు మనిషి గానీ గోడ గానీ ఉండకూడదు.

క్లచ్ తప్పు గేర్‌బాక్స్ మీద ఎందుకు పడుతుంది

ఇది అర్థమైతే మిగతా పనంతా తేలిక. క్లచ్ తొక్కగానే ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ లంకె తెగిపోవాలి. అప్పుడు గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్, దాని మీదున్న క్లచ్ ప్లేటు మాత్రమే స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. మనం లివర్ నెట్టగానే చిన్న ఇత్తడి రింగు ఒకటి గేరు పక్కనున్న కోన్ మీద రుద్దుకుని, ఆ తేలికపాటి బరువు వేగాన్ని సరిచేస్తుంది. రెండు వేగాలూ కలిశాకే పళ్లు దిగనిస్తుంది. అదే సింక్రో రింగు. కాడిలాక్ కంపెనీ 1928లో సింక్రోమెష్‌ను మొదటిసారి కార్లలోకి తెచ్చినప్పటి నుంచీ, రాపిడితో వేగం కలపడమనే మూల సూత్రం ఇదే.

క్లచ్ కొంచెం అంటుకునే ఉందనుకోండి. అప్పుడు ఆ చిన్న రింగు తేలికపాటి షాఫ్ట్‌ను కాదు, మొత్తం ఇంజన్‌నే ఆపాల్సి వస్తుంది. దాని వల్ల కాదు. లివర్ బిగుసుకుంటుంది. మనం ఇంకా బలంగా నెడతాం, రింగు అరుగుతుంది. అంటే క్లచ్ తప్పును పట్టించుకోకుండా నెలల తరబడి నడిపితే, మొదట బాగానే ఉన్న గేర్‌బాక్స్ చివరికి నిజంగానే పాడవుతుంది. బలంగా నెట్టడం ఈ రోజే మానేయమని చెప్పేది ఇందుకే.

ఒక మాట. మీ బండికి అసలు ఏ గేర్లకు సింక్రో ఉందో తెలుసుకోండి. ఎంజీబీ కార్లలో 1967 దాకా ఒకటో గేరుకు సింక్రో లేదు. అలాంటి బండిని కదులుతుండగా ఒకటో గేరులోకి దింపితే కరకరమనడం దాని స్వభావం, లోపం కాదు. అలాగే 1972 నుంచి 1986 వరకు పోర్షా 911కు వచ్చిన 915 గేర్‌బాక్స్‌లో సింక్రో వేరే రకం. అది తొందర ఓర్చుకోదు. గేరు మార్చేటప్పుడు న్యూట్రల్ దగ్గర ఒక్క క్షణం ఆగి, మెల్లగా ఒత్తితే తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. మొన్నటిదాకా కొత్త కారు నడిపిన చేతికి ఇది ‘గట్టి గేరు’లా అనిపిస్తుంది.

పెడల్ దగ్గర చూడాల్సినవి

కాలి కింది మ్యాట్ తీసేయండి. నవ్వొచ్చినా సరే, ముందు ఇదే చేయండి. మందంగా ఉన్న మ్యాట్ పెడల్ కింద చేరితే చివరి రెండు సెంటీమీటర్ల ప్రయాణం పోతుంది. క్లచ్ పూర్తిగా విడిచేది సరిగ్గా ఆ చివరి భాగంలోనే.

తర్వాత టార్చి పట్టుకుని పెడల్ పైభాగం చూడండి. మాస్టర్ సిలిండర్ పుష్‌రాడ్‌ను పెడల్‌కు కలిపే పిన్ను ఒకటి ఉంటుంది. పాత కార్లలో ఆ పిన్ను సన్నబడి, దాని రంధ్రం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అక్కడ పోయే రెండు మిల్లీమీటర్లు చిన్నవిగా కనిపిస్తాయి గానీ, కింద క్లచ్‌ను విడిపించే ఫోర్క్ దగ్గర చాలా తేడా తెస్తాయి. ఇంకొకరిని పెడల్ తొక్కమని చెప్పి, పెడల్ బ్రాకెట్, దాని వెనకున్న రేకు గోడ వంగుతున్నాయేమో కూడా చూడండి. వెల్డింగ్ దగ్గర పగులు ఉంటే ముందు దాన్ని సరిచేయాలి.

పెడల్ ఫ్రీ ప్లే, అంటే బరువు తగలడానికి ముందు పెడల్ ఊరికే కదిలే దూరం, మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఇచ్చిన కొలతకు సరిపోవాలి. ఎక్కువైతే క్లచ్ విడవదు. అసలు లేకుండా చేస్తే క్లచ్ జారి, ప్లేటు కాలిపోతుంది. కాబట్టి కంటి అంచనాతో కాక స్కేలు పెట్టి కొలవండి.

కేబుల్ క్లచ్ ఉన్న బండి అయితే కేబుల్ రెండు చివర్లూ చూడండి. లోపలి తీగలు ఒక్కొక్కటే తెగుతూ ఉంటే కేబుల్ సాగుతుంది, క్లచ్ విడవడం రోజురోజుకూ తగ్గుతుంది. 1980లలో వచ్చిన ఫోర్డ్ ముస్తాంగ్‌లలో చాలావాటికి కేబుల్‌ను తనంతట తాను సర్దే ప్లాస్టిక్ భాగం పెడల్ పైన ఉంటుంది. దాని పళ్లు అరిగితే కేబుల్ ఎంత కొత్తదైనా ఫలితం ఉండదు.

హైడ్రాలిక్ క్లచ్: తప్పు ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది

కేబుల్‌తో కాక ఆయిల్ ఒత్తిడితో పనిచేసే క్లచ్ అయితే, క్లచ్ ఆయిల్ డబ్బా మూత తీయండి. కొన్ని బండ్లకు ఇది బ్రేక్ ఆయిల్ డబ్బాతో కలిసే ఉంటుంది. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ఆయిల్ నల్లగా, మడ్డిగా ఉందంటే లోపలి రబ్బరు సీల్స్ అరిగి అందులో కలుస్తున్నాయి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ సిలిండర్ లోపల తుప్పు పట్టిస్తుంది. ఎక్కువ తిరగని బండి అయినా రెండేళ్లకోసారి మార్చడం మంచిది.

కారుడు ఎక్కడుందో వెతకడానికి మూడు చోట్లున్నాయి. ఒకటి, మాస్టర్ సిలిండర్ బండి లోపలి వైపు, పెడల్ పైన. అక్కడ వేలు పెట్టి తడి ఉందేమో చూడండి, కార్పెట్ కూడా తడిమి చూడండి. రెండు, గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్. ఎంఎక్స్-5లో ఇది కుడివైపు ఉంటుంది, ముందు కుడి చక్రం తీస్తే చెయ్యి బాగా అందుతుంది. రబ్బరు బూటు అంచు మెల్లగా వెనక్కి తీయండి. లోపల నుంచి ఆయిల్ చుక్కలు పడితే సిలిండర్ పోయినట్టే. మూడు, రెండింటినీ కలిపే రబ్బరు గొట్టం. ఒకరు పెడల్ తొక్కుతుంటే మీరు గొట్టం మీద చెయ్యి వేసి ఉంచండి. చేతికింద ఉబ్బినట్టు తెలిస్తే మన కాలి బలం గొట్టం ఉబ్బడానికే ఖర్చవుతోంది, ఫోర్క్ దాకా చేరడం లేదు. ముప్పై ఏళ్ల గొట్టాన్ని, పైకి బాగున్నట్టు కనిపించినా, మార్చేయమనే నా సలహా.

అదే సమయంలో స్లేవ్ పుష్‌రాడ్ ఎంత దూరం కదులుతోందో స్కేలు పెట్టి కొలిచి మాన్యువల్‌తో పోల్చండి. కదలాల్సినంత కదులుతున్నా క్లచ్ విడవకపోతే తప్పు బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉంచే పెద్ద తొడుగు) లోపల ఉంది. కదలకపోతే తప్పు బయటే ఉంది, సంతోషించండి.

బండి కింద దూరే ముందు ఒక హెచ్చరిక. జాకీ బండిని లేపడానికే, నిలబెట్టడానికి కాదు. గట్టి నేల మీద, చక్రాలకు అడ్డు పెట్టి, బండి బరువు స్టాండ్ల మీదికి దించి, పక్కనుంచి గట్టిగా నెట్టి కదలడం లేదని తేలాకే లోపలికి వెళ్లండి. ఈ ఒక్క విషయంలో తొందరపడి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

స్లేవ్ మార్చడం ఇలా. ముందు పైపు యూనియన్ నట్టును ఫ్లేర్ స్పానర్‌తో అర చుట్టు వదులు చేయండి. మామూలు స్పానర్ పెడితే మెత్తటి నట్టు మూలలు అరిగిపోతాయి. తర్వాత రెండు బోల్టులు తీసి, సిలిండర్ విప్పి, కొత్తది అదే చోట బిగించండి. పుష్‌రాడ్ కొన ఫోర్క్ గుంటలో సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోండి. మాస్టర్ సిలిండర్ కూడా అదే వయసుదైతే రెండూ ఒకేసారి మార్చండి. ఒక్కటే మారిస్తే కొత్తదాని బలానికి పాతది కొద్ది నెలల్లో చేతులెత్తేయడం నేను చాలాసార్లు చూశాను.

ఇక గాలి తీయడం. డబ్బా నిండా కొత్త ఆయిల్ పోయండి. చాలా కార్లకు డాట్ 3 లేదా డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్. డాట్ 5 సిలికాన్ ఆయిల్ వేరే జాతి, వీటితో కలపకూడదు. స్లేవ్ మీది బ్లీడర్ నిపిల్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, దాని కొస కాస్త ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. ఒకరు పెడల్ మెల్లగా కిందికి తొక్కి పట్టుకోవాలి, మీరు నిపిల్ తెరవాలి, బుడగలతో ఆయిల్ వస్తుంది, నిపిల్ మూయాలి, ఆ తర్వాతే పెడల్ పైకి రావాలి. గాలి ఎక్కువున్నప్పుడు పెడల్ తనంతట పైకి రాదు, చేత్తో లాగండి. నిపిల్ మూయకముందే పెడల్ వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది, చేసిందంతా వృథా. ‘తొక్కు’, ‘వదులు’ అని పైకి అరుచుకుంటూ చేయండి. ప్రతి అయిదారు సార్లకు డబ్బా మట్టం చూసి నింపండి. డబ్బా అడుగంటితే మళ్లీ మొదటికి వస్తుంది. బుడగలు ఆగాక ఇంకో నాలుగైదు సార్లు చేసి ముగించండి. ఈ ఆయిల్ పడినచోట పెయింట్ లేచిపోతుంది. బానెట్ అంచున తడిగుడ్డ పరిచి ఉంచుకుని, చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ఇప్పుడు రివర్స్ పరీక్ష మళ్లీ చేయండి. గేరు నిశ్శబ్దంగా పడితే ఇక్కడితో మీ పని అయిపోయి ఉండవచ్చు.

లివర్ నుంచి గేర్‌బాక్స్ దాకా: లింకేజ్, బుష్‌లు

ఇంజన్ ఆపినా గేరు గట్టిగానే పడుతుంటే మీరు చూడాల్సింది ఈ భాగం. ఇది బండిని బట్టి మారుతుంది.

లివర్ నేరుగా గేర్‌బాక్స్‌లోకి దిగే బండ్లలో, ఉదాహరణకు ఎంఎక్స్-5లో, లివర్ అడుగున చిన్న గది ఉంటుంది. దానికి సొంత ఆయిల్ ఉంటుంది, సుమారు 90 మి.లీ. పెద్ద గేర్‌బాక్స్ ఆయిల్ మార్చినా ఇది మారదు. రబ్బరు బూటు చిరిగి ఈ ఆయిల్ ఎండిపోతే లివర్ మోటుగా, రాయి మీద రాయి రుద్దినట్టు కదులుతుంది. కన్సోల్ నుంచి వేడి, మోత కూడా లోపలికి వస్తాయి.

దీన్ని బాగుచేయడం నాకు చాలా ఇష్టమైన పని, ఎందుకంటే బండి లేపక్కర్లేదు, ఫలితం అప్పటికప్పుడే చేతికి తెలుస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి, నాబ్ తిప్పి తీసి, కన్సోల్ విప్పండి. పై రబ్బరు బూటు తీశాక లివర్‌ను పట్టి ఉంచే మూడు బోల్టులు కనిపిస్తాయి. వాటి తలలు 10 ఎంఎం. అవి తీస్తే లివర్ పైకి వచ్చేస్తుంది. లివర్ అడుగు కొసకు తెల్లటి నైలాన్ బుష్ ఉంటుంది. అది పగిలి ముక్కలు లోపల పడి ఉంటే పట్టకారుతో ఒక్కొక్కటీ ఏరండి. సిరంజికి గొట్టం తగిలించి పాత ఆయిల్ లాగేయండి, నూలు పోగులు వదలని గుడ్డతో తుడవండి. కొత్త గేర్ ఆయిల్ పోసి, కొత్త బుష్, కొత్త బూట్లు వేసి, బంతి ఆకారంలో ఉన్న భాగానికి గ్రీజు రాసి బిగించండి. తెరిచి ఉన్నంతసేపూ ఆ రంధ్రం మీద ఏ స్పానరూ పెట్టుకోకండి. లోపల పడ్డ నట్టును తీయాలంటే చిన్న పని పెద్దదవుతుంది.

గేర్‌బాక్స్ దూరంగా ఉన్న బండ్లలో కథ వేరు. పోర్షా 944లో గేర్‌బాక్స్ వెనక ఉంటుంది, లివర్ నుంచి దాని దాకా పొడవాటి రాడ్, కీళ్లు ఉంటాయి. పాత 911లో ముందు సీట్ల వెనక, మధ్య సొరంగం మీద చిన్న మూత ఉంటుంది. దాని కింద ఉన్న కప్లర్‌లోని ప్లాస్టిక్ బుష్‌లు పొడిపొడి అయిపోతాయి. టొయోటా ఎంఆర్2లో ఇంజన్ మధ్యలో ఉండటం వల్ల రెండు పొడవాటి కేబుళ్లు గేరు మారుస్తాయి. కేబుల్ లోపల తుప్పు పడితే లివర్ బరువెక్కుతుంది. దీన్ని పట్టుకోవడం తేలికే: గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ చివరలు విడదీసి, లివర్‌ను కదిపి చూడండి. అప్పటికీ బరువుగానే ఉంటే కేబుల్ తప్పు. లివర్ తేలిగ్గా కదిలి, గేర్‌బాక్స్ మీది సెలెక్టర్ చేతికి గట్టిగా తగిలితే తప్పు లోపలి వైపు ఉంది. రాడ్ ఉన్న బండ్లకూ ఇదే ఉపాయం. విడదీసే ముందు కీలు ఏ స్థానంలో ఉందో తెల్ల పెయింట్‌తో గుర్తు పెట్టుకోండి, లేదంటే సర్దుబాటు మొదటి నుంచి చేసుకోవాలి.

ఇంజన్, గేర్‌బాక్స్ మౌంటింగ్‌లను కూడా మర్చిపోకండి. రబ్బరు కుంగితే గేర్‌బాక్స్ తన చోటు నుంచి జరుగుతుంది, లింకేజ్ వంకర పడుతుంది. నడిపేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా లివర్ బాగా ముందుకూ వెనక్కూ ఊగితే మౌంటింగ్‌లు చూడండి.

ఆయిల్: ఏది దొరికితే అది పోయకండి

గేర్‌బాక్స్ ఆయిల్ విషయంలో ‘ఖరీదైనది పోస్తే మంచిది’ అనే నమ్మకం చాలా గేర్‌బాక్స్‌లను ఇబ్బంది పెట్టింది. సింక్రో రింగు పనిచేసేదే రాపిడితో. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే రింగు కోన్‌ను పట్టుకోలేక జారిపోతుంది, వేగం కలవదు, గేరు కరకరమంటుంది.

జీఎల్-5 రకం ఆయిల్ ముఖ్యంగా డిఫరెన్షియల్ గేర్ల కోసం తయారైంది. అందులో భారీ ఒత్తిడిని తట్టుకునే గంధకం, ఫాస్ఫరస్ రసాయనాలు జీఎల్-4 కంటే దాదాపు రెట్టింపు ఉంటాయి. వాటిలో కొన్ని ఇత్తడిని కూడా తింటాయి. అందుకే ఇత్తడి సింక్రోలున్న చాలా పాత గేర్‌బాక్స్‌లకు జీఎల్-4 రకం, 75డబ్ల్యూ-90 చిక్కదనం ఉన్న ఆయిల్ సరైన ఎంపిక. డబ్బా మీద రెండు గుర్తులూ ఉంటే, మీ గేర్‌బాక్స్‌కు రెండూ పనికొస్తాయని మాన్యువల్ చెబితేనే వాడండి. ఇంకో వైపు, ముస్తాంగ్‌లలో 1985 నుంచి వచ్చిన టీ-5 ‘వరల్డ్ క్లాస్’ గేర్‌బాక్స్‌కు పోయాల్సింది పల్చటి ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ల ఆయిల్. అందులో చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే గేర్లు కావాలని బిగించినట్టు అవుతాయి. పాత హోండాల్లో చాలావాటికి కంపెనీ చెప్పింది మామూలు ఇంజన్ ఆయిలే. మీరు బండి ఎవరి దగ్గరో కొని ఉంటే, వాళ్లు ఏం పోశారో మీకు తెలియదు. కాబట్టి మార్చడమే నయం.

మార్చే విధానంలో ఒక్క నియమం బంగారం లాంటిది: ముందు నింపే ప్లగ్ తెరవండి, అది తెరుచుకున్నాకే ఖాళీ చేసే ప్లగ్ జోలికి వెళ్లండి. వరస తప్పి ఆయిలంతా వదిలేశాక నింపే ప్లగ్ తుప్పు పట్టి రాకపోతే, కదలని బండి మిగులుతుంది.

బండిని కాస్త నడిపి, ఆయిల్ గోరువెచ్చగా అయ్యాక, నాలుగు చక్రాలూ సమానంగా ఉండేలా లేపండి. అటూ ఇటూ వంగి ఉంటే మట్టం తప్పుతుంది. ఖాళీ ప్లగ్ విప్పి, చుక్కలు ఆగేదాకా వదిలేయండి.

వచ్చిన ఆయిల్‌ను శుభ్రమైన తెల్లటి పాత్రలో పట్టి, ఎండలో చూడండి. ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు పేస్టు అంటుకుని ఉండటం మామూలే. ఆయిల్‌లో బంగారు రంగు మెరుపు సన్నగా కనిపిస్తే ఇత్తడి రింగులు అరుగుతున్నాయి. కొంచెం అయితే వయసు, ధగధగలాడుతుంటే హెచ్చరిక. గోటికి తగిలే ఇనుప ముక్కలుంటే గేరు పన్ను విరిగింది, ఇక నడపకండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. కొలిస్తే రావాల్సిన దానికంటే బాగా తక్కువ వచ్చిందంటే ఏదో సీల్ కారుతోంది. ఎంఎక్స్-5 అయిదు గేర్ల బాక్స్‌లో సుమారు 2 లీటర్లు రావాలి.

కొత్త వాషర్ వేసి ఖాళీ ప్లగ్ బిగించండి. పంపుతోనో, పై నుంచి పొడవాటి గొట్టంతో గరాటు పెట్టో, నింపే రంధ్రం అడుగు అంచు నుంచి ఆయిల్ పొర్లేదాకా పోయండి. పొర్లడం ఆగాక మూసేయండి. అల్యూమినియం మరలు మెత్తన, బలం చూపకుండా మాన్యువల్‌లోని టార్క్ ప్రకారం బిగించండి. ఫలితం మొదటి మలుపులోనే కనిపించకపోయినా కంగారు పడొద్దు. రెండు మూడు వందల కిలోమీటర్లు నడిపాక తీర్పు చెప్పండి.

ఇవన్నీ చేసినా పోకపోతే

ఇప్పుడు గేర్‌బాక్స్ దించే మాట ఆలోచించవచ్చు. కానీ దించితే ఏం దొరుకుతుందో ముందే ఊహించగలగాలి.

క్లచ్ విడుస్తోందని ఖాయమయ్యాక, డబుల్ క్లచ్ పరీక్ష చేయండి. మూడో గేరు నుంచి రెండుకు దిగేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ ఒక్కసారి తట్టి, మళ్లీ క్లచ్ తొక్కి రెండులో వేయండి. మామూలుగా కరకరమనే గేరు ఇలా చేస్తే మెత్తగా పడిందంటే, సింక్రో చేయాల్సిన పని మీరు చేశారు, అంటే ఆ రింగు అరిగింది. ఈ పరీక్షను క్లచ్ సంగతి తేల్చకుండా చేస్తే మోసపోతారు. క్లచ్ అంటుకుంటున్నప్పుడు కూడా ఇలా చేస్తే గేరు మెత్తగానే పడుతుంది.

స్లేవ్ కదలిక సరిగ్గా ఉన్నా అయిదు సెకన్ల రివర్స్ పరీక్షలో కరకరమంటోందా? అయితే ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగ్ బిగుసుకుని షాఫ్ట్‌ను తిప్పుతూ ఉండవచ్చు. లేదా క్లచ్ ప్లేటు వంగి ఉండవచ్చు, దాని గాళ్లలో తుప్పు పట్టి షాఫ్ట్ మీద జరగకుండా ఉండవచ్చు. చాలా కాలం నిలబెట్టిన బండిలో ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుపోవడం కూడా ఉంది. వీటిలో ఏదైనా గేర్‌బాక్స్ దించాల్సిందే, కానీ విప్పక్కర్లేదు. ఈ తేడాను పనిచేసేవాళ్లకు స్పష్టంగా చెప్పండి.

ఎలాగూ దించారు కాబట్టి క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్, ఇంజన్ వెనక సీల్ అన్నీ అప్పుడే మార్చేయండి. ఫోర్క్ వంగిందేమో, ఆనుకునే బంతి అరిగిందేమో చూడండి. ఇన్‌పుట్ షాఫ్ట్ గాళ్లకు క్లచ్ గ్రీజు వేలికొసతో పలచగా రాసి, ప్లేటును రెండు మూడు సార్లు ముందుకూ వెనక్కూ జరిపి, అంచున మిగిలిన గ్రీజంతా తుడిచేయండి. ఎక్కువైతే తిరిగేటప్పుడు ప్లేటు మీదికి చిమ్ముతుంది.

సింక్రో ఒక్కటే అరిగి, మిగతావి బాగుంటే వెంటనే విప్పాల్సిన తొందరేం లేదు. గేరు మార్చేటప్పుడు న్యూట్రల్‌లో అర క్షణం ఆగుతూ, దిగేటప్పుడు డబుల్ క్లచ్ కొడుతూ చాలా కాలం నడపవచ్చు. ఈలోగా మీ గేర్‌బాక్స్‌కు సరిపోయే రింగులు, బేరింగ్‌లు, సీల్స్ ఒక్కొక్కటిగా కూడబెట్టుకోండి. పాత మోడళ్లకు ఒక్క రింగు దొరక్క, విప్పిన గేర్‌బాక్స్ బల్ల మీద నెలల తరబడి పడి ఉండటం మామూలే. కావాల్సినవన్నీ చేతికి వచ్చాకే మొదటి బోల్టు వదులు చేయండి.